టెస్టు నీళ్ళు

ఈ బరువు ఇక మొయ్యలేను. ఇన్నేళ్ళూ మోశాను. అది రాయిలా ఒకచోట కూర్చుని ఉంటే అలవాటు పడేదాన్నేమో. నాది నీళ్ళ బరువు. కదులుతూ ఉంటుంది. నేను పక్క మీద ఒత్తిగిలితే అదీ ఒత్తిగిలుతుంది. ఏ ఇంట్లోనైనా మోటారు వేసిన చప్పుడు వినబడితే చాలు, కడుపులో లేచి గొంతు దాకా వస్తుంది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటామె రాస్తోంది. నా పేరు వేయవద్దని ముందే బతిమాలాను. ఇప్పుడెవరొచ్చి నిన్ను పట్టుకుపోతారు అంటోంది ఆమె. ఆమెకేం తెలుసు? గాలికి తలుపు గొళ్ళెం కదిలినా వచ్చేశారనుకుని లేచి కూర్చున్న దాన్ని నేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఇక్కడే ఆపేసేదాన్ని.

మాది రేపల్లె. మా ఆయన వరి చేలల్లో పురుగుమందు కొట్టే పనికి వెళ్ళేవాడు. ఖాళీ అయిన మందు క్యాను ఒకటి ఇంటికి తెచ్చి, పైభాగం రంపంతో కోసి, రెండు వైపులా బెజ్జాలు పెట్టి, తీగతో పిడి కట్టాడు. తీగ నా చేతిని కోస్తుందని నా పాత చీర అంచు చింపి దానికి చుట్టాడు. బట్టలు తడపడానికి, వాకిట్లో చల్లడానికి వాడేదాన్ని. తాగే నీళ్ళకు దాన్ని తాకించేదాన్ని కాదు. ఆయన జబ్బు చేసి పోయాక కూడా దాన్ని పారేయలేకపోయాను. ఆయన చేత్తో చుట్టిన గుడ్డ కదా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తప్పు ఆ క్యానుతోనే మొదలైంది. క్యానుతో ఆగిపోయినా బాగుండేది.

ఆయన పోయిన తరవాత నేను ఒక టీచరమ్మ గారింట్లో పనికి కుదిరాను. వాళ్ళదీ మా లూథరన్ సంఘమే. చర్చిలో వాళ్ళు ముందు బెంచీలో, నేను వెనక చాప మీద. ఇంట్లో టీచరమ్మ గారు, సారు, ఇద్దరు పిల్లలు, సారు వాళ్ళమ్మ. ఆమెను అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. రోజూ నేనే ఆమెకు జడ వేసేదాన్ని. "నువ్వొక్కదానివే నా జుట్టు పీకకుండా దువ్వుతావే" అని నన్ను వదిలేది కాదు.

మా వైపు బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. పప్పు ఉడకదు. కుళాయి పొద్దున కాసేపు వస్తుంది, ఒక్కోరోజు అదీ రాదు. అందుకని టీచరమ్మ గారు డాబా మీద పడే వాననీళ్ళను పట్టి దాచే ఏర్పాటు పెట్టించాలనుకున్నారు. తుఫాన్లు వచ్చే రోజులకు ముందే అయిపోవాలని తొందర. తెనాలి నుంచి మస్తాన్ అనే మనిషిని పిలిపించారు. రోజూ పాసింజరు బండికి పనిముట్ల సంచీతో దిగేవాడు. ఆ ఇంట్లో నన్ను ఒక పేరున్న మనిషిలా పలకరించింది అతనే. "అక్కా, ఇటు పట్టుకో. అక్కా, ఆ ఇసక చాల్లే." అతని వెనకే తిరిగి పని చూశాను కాబట్టి నాకూ అర్థమైంది. డాబా నీళ్ళు మూలకు వాలి గొట్టంలోకి దిగుతాయి. కింద తొట్టిలో కంకర, ఇసక, బొగ్గు పరిచి ఉంటాయి. వాటిలోంచి వడకట్టి నేలలో కట్టిన సంపులోకి పోతాయి. సంపులోంచి మోటారు పైకి తోడి ట్యాంకు నింపుతుంది. ట్యాంకులోంచి కుళాయిలకు. ఆ ఇసకనూ బొగ్గునూ కడిగింది నేనే. నీళ్ళు తేటగా వచ్చేదాకా, చేతులు పాలిపోయేదాకా కడిగాను. అంత శ్రద్ధగా ఇసక కడిగిన దాన్ని, ఆ క్యాను ఒక్కసారి తొలిపి ఊరుకున్నానేంటి? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో ఈ మాట.

అతను రంజాన్ ఉపవాసాల్లో ఉన్నాడు. ఎండలో పైపులు కోస్తూ, జాయింట్లకు అతికించే సొల్యూషన్ పూస్తూ ఉమ్మి కూడా మింగేవాడు కాదు. ఒక రోజు పొద్దున్నే ఆఖరి జాయింట్లు అతికించి, వెంటనే టెస్టు చేయాలన్నాడు. వాన లేదు. డాబా మీద మనమే నీళ్ళు పోయాలి.

"అక్కా, ఇవాళ నువ్వే వాన. పైన కుమ్మరించు, నేను కింద చూసుకుంటా" అన్నాడు.

వసారాలో కూర్చున్న పెద్దమ్మగారు నన్ను ఎగాదిగా చూసింది. "మబ్బు నల్లగానే ఉందిలే మస్తానూ, వాన గట్టిగానే పడుద్ది" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో మేమందరం కలిసి నవ్వింది అదే ఆఖరు.

ఇంట్లో బకెట్లు రెండూ సిమెంటు పట్టి ఉన్నాయి. నేను మా ఇంటికి పరిగెత్తి నా క్యాను తెచ్చాను. ముందు రోజు సాయంత్రం మా వీధిలో ఉండే ఒకాయన చేలో మందు కలుపుకోవడానికని దాన్ని అడిగి తీసుకెళ్ళి, తిరిగి ఇచ్చాడు. నేను కాలవ నీళ్ళతో ఒక్కసారి తొలిపి పెట్టాను. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక తెచ్చానని చెప్పుకుంటే మీరు నమ్ముతారేమో. కానీ తెలుసు. వాకిట్లో కుళాయి నీళ్ళు పట్టుకునే తొట్టిలో ముంచి, మెట్లెక్కి, మొదటిసారి డాబా మీద కుమ్మరించినప్పుడు నీళ్ళు బియ్యం కడిగినట్టు కాస్త తెల్లగా పారాయి. వాసన కూడా తగిలింది. మా ఆయన చొక్కాలో ఉండే వాసన. నేను ఆగాను. పైపు కారుతుందో లేదో చూడటానికేగా ఈ నీళ్ళు, ఎవరు తాగుతారు అనుకున్నాను. "టెస్టు అయ్యాక సంపు మొత్తం తోడి పారబోద్దాం అక్కా" అని మస్తాన్ అంతకు ముందే అన్నాడు కూడా. మళ్ళీ ముంచాను. మళ్ళీ ఎక్కాను.

నీళ్ళు సంపులోకి చేరాయి. మోటారుకు గాలి పట్టి మొదట ఊరికే మూలిగింది. మస్తాన్ దాని పైమూత విప్పి చెంబుతో నీళ్ళు పోసి, మళ్ళీ బిగించి, స్విచ్చి వేశాడు. ఒక్కసారిగా గర్రుమంది. ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చారు.

కొత్త బావి అయినా కొత్త బోరింగు అయినా అయ్యగారితో ప్రార్థన చేయించి, మొదటి నీళ్ళు ఇంట్లోవాళ్ళంతా ఒకే గ్లాసుతో తలా ఒక గుక్క తాగడం మా వాళ్ళలో అలవాటు. ఆ ప్రార్థన సాయంత్రానికి అనుకున్నది. అయ్యగారికి బాపట్లలో మీటింగు పడిందట, ముందే వచ్చేశారు. టీచరమ్మ గారు గబగబా పైట సర్దుకుని స్టీలు గ్లాసు కడిగి కుళాయి కింద పెట్టారు.

మస్తాన్ ముందుకొచ్చాడు. "ఇవి టెస్టు నీళ్ళు మేడమ్ గారండి. పారబోసే నీళ్ళండి."

"ఒక్క గుక్కేగా మస్తాన్. ప్రార్థన చేసిన నీళ్ళు. ఏమీ కాదులే" అన్నారు ఆమె. అతను ఇంకేమనగలడు? పక్కకు జరిగాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు మోటారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. గ్లాసు వైపే చూస్తున్నాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నట్టుంది. ఏమని చెప్పాలి? అయ్యగారి ప్రార్థన మధ్యలో నోరు తెరిచి, నేను మందు క్యానుతో నీళ్ళు మోశానండి అని చెప్పాలా? వాళ్ళు పొరపాటు అనుకుంటారా? పనిమనిషి నీళ్ళలో విషం కలిపింది అంటారు. స్టేషన్లో కూర్చోబెడతారు. ఆ మందు పైపుల్లో, ఇసకలో పడి పోయి ఉంటుందిలే, కాస్తేగా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమెన్ అన్నారు. నేనూ ఆమెన్ అన్నాను.

ఇంటికి పెద్దదని మొదట పెద్దమ్మగారికి ఇచ్చారు. ఒక గుక్క తాగి ఆపలేదు ఆమె. సగం గ్లాసు తాగింది. "ఏదో వాసనుందర్రా" అంది. "కొత్త పైపులు కదమ్మా" అన్నారు సారు. మళ్ళీ నింపారు. అయ్యగారు, సారు, టీచరమ్మ గారు, పిల్లలు. మస్తాన్‌కు ఇవ్వబోతే "రోజా ఉన్నానండి" అని దణ్ణం పెట్టాడు.

తరవాత గ్లాసు నాకు ఇచ్చారు.

ఇక్కడికి వచ్చి ఆగాను. పక్కింటామె కలం ఎత్తి చూస్తోంది. రాయమ్మా, ఆపకు.

నేను గ్లాసు ఎత్తాను. పెదవులు గట్టిగా బిగించాను. నీళ్ళు పెదవులకు తగిలాయి. ఖాళీ గుటక వేశాను. గొంతు కదలడం వాళ్ళకు కనబడేటట్టు తల వెనక్కి వాల్చాను. పైట చెంగుతో మూతి తుడుచుకున్నాను. తాగానని అందరూ అనుకున్నారు. నేను తాగలేదు.

క్యాను తేవడం పొరపాటు అనుకోండి. నోరు మెదపకపోవడం భయం అనుకోండి. ఇది ఏంటి? ఇది విషమని లోపల నాకు రూఢిగా తెలిసినట్టే కదా? తెలిసి, నన్ను నేను కాపాడుకుని, వాళ్ళను వదిలేసినట్టే కదా? పిల్లలు తాగుతుంటే చూసిన కళ్ళు ఇవే.

గంట గడిచిందో లేదో పెద్దమ్మగారికి చెమటలు పట్టాయి. నోట్లోంచి సొంగ. వాంతులు. చిన్నవాడు కడుపు పట్టుకుని నేల మీద దొర్లాడు. టీచరమ్మ గారు గోడ పట్టుకుని కూలబడ్డారు. అందరికీ అయి నాకొక్కదానికి కాకపోతే? ఆ ఆలోచన ఎంత తొందరగా వచ్చిందో! పెరట్లోకి వెళ్ళి గొంతులో వేలు పెట్టుకుని కక్కాను. వచ్చి వాళ్ళ పక్కనే పడుకున్నాను.

వీధిలోకి పరిగెత్తి ఆటోలు తెచ్చింది మస్తాన్. ఒక్కొక్కరినీ ఎత్తి కూర్చోబెట్టింది మస్తాన్. రేపల్లెలో చూసి తెనాలి తీసుకెళ్ళమన్నారు. ఆ దారంతా నా తల అతని భుజం మీదే ఉంది. "అక్కా, కళ్ళు మూయకు. అక్కా, నాతో మాట్లాడు" అంటూనే ఉన్నాడు. ఉపవాసంతో ఎండిన నోరు, మాట సరిగ్గా తిరగడం లేదు. నేను మూలుగుతూ ఉన్నాను. తెనాలి ఆసుపత్రిలో తాగని నీళ్ళకు నా చేతికి సెలైన్ పెట్టారు. "ఎంత తాగావమ్మా?" అని డాక్టరు అడిగితే "ఒక్క గుక్కండి" అన్నాను. చుక్క చుక్కగా ఆ సెలైన్ లోపలికి దిగుతుంటే, అది నిజం కనిపెట్టేస్తుందేమోనని వణికాను. నర్సు చలి అనుకుని దుప్పటి కప్పింది.

విషం లాంటిదేదో కడుపులోకి పోయిందన్నారు డాక్టరు. కొత్తగా ఏం తాగారు అని అడిగారు. కొత్త పైపుల నీళ్ళు. పైపులకు ఏం పూశారు? సొల్యూషన్. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. మంచం మీద పడుకుని అంతా విన్నాను. "అందరం తాగాం, వాడొక్కడే తాగలేదు" అన్నారు సారు. "పారబోసే నీళ్ళని నాతో అన్నాడు కూడా. తెలుసు వాడికి" అన్నారు టీచరమ్మ గారు. తాగవద్దని చెప్పిన మాటే అతని మెడకు చుట్టుకుంది. ఆ మాట నేను విన్నాను. క్యాను సంగతి దాచుకుని కూడా, కాదండి, పాపం అతను వద్దనే అన్నాడండి అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. అదీ చెప్పలేదు. ఎందుకని? వాళ్ళ చూపు అతని మీద ఉన్నంతసేపు నా మీదకు రాదు. అంతే.

మమ్మల్ని ఇంటికి పంపగానే నేను మొదట డాబా ఎక్కాను. క్యాను పిట్టగోడ పక్కన బోర్లించి ఉంది. ఎవరూ చూడలేదు. బూడిద తట్టలో పెట్టి, పైన బూడిద కప్పి, మురుగు కాలవ దగ్గరికి తీసుకెళ్ళి విసిరాను. మునగలేదు. గుడ్డ చుట్టిన పిడి పైకి తేలి నా వైపే తిరిగింది. మోకాళ్ళ లోతు దిగి, దాన్నిండా బురద కూరి, కాళ్ళతో తొక్కి పట్టాను. మా ఆయన చేతిని తొక్కినట్టుంది.

మస్తాన్‌ను పిలిపించి టీచరమ్మ గారి అన్నదమ్ములు కొట్టారు. అతను తిరగబడలేదు. నాకు తెలియదండి, జాయింట్లు ఆరలేదేమోనండి అంటూ ఏడ్చాడు. అతను బిగించిన పైపులు అతని చేతనే విప్పించారు. విప్పుతూ ఒక్కో జాయింటునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. గుమ్మంలో నిలబడి నేను చూశాను. అతను పనిముట్ల సంచీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ సంపు కడగమని నాకే చెప్పారు. నిచ్చెన వేసుకుని దిగాను. లోపల చీకటి, చెమ్మ, అదే వాసన. ఒక్కరైనా వంగి ముక్కు పెట్టి ఉంటే, చేలలో తిరిగిన వాళ్ళయితే ఇట్టే పోల్చేవారు. బ్లీచింగు పౌడరు చల్లి, కొబ్బరి పీచుతో గోడలు, నేల, మూలమూలా తోమాను. పిల్లలకు మళ్ళీ ఏమీ కాకూడదని తోమానా? నా జాడ పోవాలని తోమానా? రెండింటికీ చేతులు ఒకేలా కదిలాయి. పైన నాలుగు పలకల వెలుగు. అందులోకి ఎవరి తలైనా వంగి, ఏయ్, ఆ క్యాను నీదే కదా అంటుందేమోనని తోముతున్నంతసేపూ పైకే చూస్తూ ఉన్నాను.

పిల్లలు, పెద్దవాళ్ళు, అయ్యగారు అందరూ కోలుకున్నారు. పెద్దమ్మగారు లేచి తిరిగింది కానీ మునుపటి మనిషి కాలేదు. చేతులు వణికేవి. నా నీళ్ళ వల్లా, వయసు వల్లా? డాక్టరు వయసు అన్నారు. జడ వేస్తుంటే "నీకేం కాలేదే, నీ ఒళ్ళు గట్టిదే" అనేది. దువ్వెన పట్టుకున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయేది. ఆ క్రిస్మస్ ఆమె చూడలేదు. సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. పనిమనిషికి ఎంత ప్రేమ అన్నారు జనం.

మస్తాన్‌ను తరవాత బాపట్లలో చూశాను, కొన్నేళ్ళకు. మా అక్క కూతురి పెళ్ళికి వెళ్ళాను. బస్టాండు బయట జామకాయల బండి దగ్గర్నుంచి "అక్కా" అని పిలుపు. తెలిసిపోయింది, అడగడానికే పిలుస్తున్నాడు అనుకున్నాను. గడ్డం నెరిసింది. మనిషి సగమయ్యాడు.

"రేపల్లె అక్కవేనా? ఒళ్ళు బాగుంటుందా? ఆ నీళ్ళు తాగాక మళ్ళీ ఏమైనా తేడా చేసిందా?"

"లేదు తమ్ముడూ. బానే ఉన్నా. పైపుల పని మానేశావా?"

"ఎవరు పిలుస్తారక్కా? తెనాల్లో కూడా పిలవలేదు. పిలిచినా నేను చెయ్యలేను. తాగే నీళ్ళకి చెయ్యి పెట్టాలంటే భయం." కాయలను ఊరికే అటూ ఇటూ సర్దాడు. "ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకు. ఆ రోజు తాగినోళ్ళలో నన్ను మనిషిలా చూసేది నువ్వొక్కదానివే. నోట్లో పోసుకున్నప్పుడు ఏం వాసనొచ్చింది? సొల్యూషన్ వాసనేనా?"

"ఏమో తమ్ముడూ. అదే అనుకుంటా."

"అనుకోవడం కాదక్కా. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు."

రోడ్డు మీద జనం. ఎవరికీ మేము పట్టలేదు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు దేవుడు కూడా చూపించలేడు. అతని కళ్ళలో చిన్న ఆశ. కాదు అంటానేమోనని.

"అదే" అన్నాను. "సొల్యూషన్ వాసనే."

"అయితే నాదే తప్పు" అన్నాడు. "నాది కాదేమో అని ఒక మూల ఉండేది. ఒక్క పూట ఆరనిస్తే సరిపోయేది. పోన్లే అక్కా. నువ్వు బతికావు, అది చాలు."

జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది, నా చేతిలో పెట్టాడు. బస్సులో కూర్చుని నోట్లో పెట్టుకున్నాను. దిగలేదు. కిటికీలోంచి ఊసేశాను.

ఆ తరవాత చెప్పేద్దామని తెగించి ఒకసారి బాపట్ల వెళ్ళాను. అక్కడ వేరే మనిషి బండి ఉంది. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదన్నారు. నిజం చెబుతున్నాను, ఆ మాట విని నా గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు నన్ను నేను చూసుకుని భయపడ్డాను.

చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం, ఇచ్చే ఆదివారం అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. అందరి గొంతుల్లో నా గొంతు కలిసిపోతుంది, ఎవరిది ఏ పాపమో తెలియదు. ద్రాక్షరసం గిన్నె నా దగ్గరికి వస్తుంది. పెదవులు బిగించి ఆనించి వదిలేస్తాను. ఆ గ్లాసు రోజు నుంచి అంతే. మా అయ్యగారికి తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి ఎక్కడున్నాడో నాకు తెలియదు. పెద్దమ్మగారు మట్టిలో ఉంది. చెప్పాల్సిన నాలుగు మాటలు చెబుతాను, అమ్మా, నువ్వు సరిగ్గా రాసుకో. మస్తాన్ అతికించిన జాయింట్లలో తప్పు లేదు. తాగవద్దని అతను చెప్పాడు. మందు క్యాను నాది. గ్లాసు నా దాకా వచ్చింది, నేను తాగలేదు.

ఈ చివరి ముక్క తరవాత చెప్పి రాయించాను. అప్పటికి నా గొంతు ఎండిపోయింది. ఆమె కలం పెట్టేసి, నా మొహం చూడకుండా లేచి వెళ్ళింది. ఇక రాదేమో అనుకున్నాను. గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. రెండు చేతులతో ఎత్తాను. నోరు తెరిచాను. నీళ్ళు లోపలికి పోతుంటే ఎక్కడెక్కడ దిగుతున్నాయో తెలుస్తూనే ఉంది. గ్లాసు ఖాళీ చేసి బోర్లించాను.